జారడం కాదు... ఆగడం నేర్చుకోండి!

స్విట్జర్లాండ్ అంటే మనకు ముందుగా గుర్తొచ్చేవి సినిమా పాటలే. మంచుకొండల మధ్య పల్చటి చీరలో నాయిక, స్వెట్టర్ వేసుకుని నాయకుడు... పాట అయిపోగానే సీను మారిపోతుంది. అదే మంచు మీదికి మనమే కాళ్లకు రెండు చెక్కలు కట్టుకుని దిగితే? ఆ సరదా తీరాలంటే జెర్మాట్ వెళ్లాల్సిందే.

ఆల్ప్స్ పర్వతాల్లో దాదాపు 1,600 మీటర్ల ఎత్తున ఉన్న ఊరది. పర్యటకుల కార్లకు ప్రవేశం లేదు. 5 కిలోమీటర్ల ఇవతల టేష్‌లో కారు వదిలేసి రైలెక్కాలి. ఊళ్లో తిరిగేవి బుల్లి బ్యాటరీ బండ్లే. తలెత్తితే 4,478 మీటర్ల మ్యాటర్‌హార్న్ శిఖరం ఠీవిగా పలకరిస్తుంది. సరిహద్దు అవతల ఇటలీ వైపున్న వాలుల్ని కూడా కలుపుకుంటే ఇక్కడి స్కీయింగ్ దారుల పొడవు సుమారు 360 కిలోమీటర్లు!

తొలి పాఠం... సమోసా!

కొత్తగా వచ్చినవాళ్లంతా జర్రున జారిపోవాలని ఉబలాటపడతారు. స్కీయింగ్ మాస్టార్లు మాత్రం ముందు ఆగడం నేర్పిస్తారు. రెండు చెక్కల మొనలూ దగ్గరకు తెచ్చి, వెనక భాగాల్ని దూరంగా జరిపితే వేగం తగ్గుతుంది. పిల్లలకు అర్థమయ్యేలా దీన్ని ‘పిజ్జా ముక్క’ అంటారు. మన పిల్లలకైతే సమోసా అంటే చాలు! పడిపోతున్నామనిపిస్తే పక్కకు ఒరిగి కూర్చోవడమే మేలు. చలికి భయపడి రెండు జతల మేజోళ్లు వేసుకోవద్దు. బూటు బిగుసుకుపోయి, రక్తం సరిగా ఆడక కాళ్లు ఇంకా చల్లబడతాయి. పల్చటిది ఒక్కటి చాలు. మంచు మీద పడిన ఎండ తిరిగి మొహానికే కొడుతుంది కాబట్టి సన్‌స్క్రీన్, కళ్లద్దాలు తప్పనిసరి.

కొత్తవాళ్లకు ఏది?

దారుల్ని రంగులతో గుర్తిస్తారు. నీలం సులువు, ఎరుపు మధ్యరకం, నలుపు ఆరితేరినవాళ్లకే. మొదటిరోజుకు సున్నెగా మంచి చోటు. కొండలోపలి సొరంగంలో నడిచే రైలెక్కితే అయిదు నిమిషాల్లో పైకి చేరుస్తుంది. అక్కడ పిల్లలకూ కొత్తవాళ్లకూ ప్రత్యేకంగా మైదానం ఉంది. కాస్త పట్టు చిక్కాక రిఫెల్‌బెర్గ్ దగ్గరి నీలం దారులు. విశాలంగా ఉంటాయి, ఎదురుగా మ్యాటర్‌హార్న్! మధ్యాహ్నం ఫిండెల్న్ పల్లెలో పాత చెక్క ఇళ్ల మధ్య ఎండలో కూర్చుని భోజనం చేయొచ్చు.

ఎక్కడైనా నియమం ఒక్కటే. వెనక నుంచి వచ్చేవాళ్లే ముందున్నవాళ్లను చూసుకుని తప్పుకోవాలి. దారి మధ్యలో, మలుపుల చాటున నిలబడకూడదు.

ఇటలీలో భోజనం

నైపుణ్యం ఉన్నవాళ్లకు మరో సరదా. 3,883 మీటర్ల ఎత్తున్న క్లైన్ మ్యాటర్‌హార్న్ దాకా కేబుల్ కారులో వెళ్లి, అటు జారితే ఇటలీలోని చెర్వీనియా. పాస్తా తిని వచ్చేయొచ్చు. రెండు దేశాలకూ చెల్లే టికెట్టు, జేబులో పాస్‌పోర్టు ఉండాలి. పైన గాలి పల్చన కాబట్టి తొందర పడకుండా నెమ్మదిగా నడవాలి. అన్నిటికన్నా ముఖ్యం... గడియారం. ఈదురుగాలి లేస్తే లిఫ్టులు ఆపేస్తారు. ఆఖరి లిఫ్టు తప్పిపోతే ఆ రాత్రికి ఇటలీలోనే బస, లేదా కొండల చుట్టూ గంటల తరబడి టాక్సీ ప్రయాణం!

తెగిన తాడు

1865 జులై 14న ఎడ్వర్డ్ వింపర్ బృందం మొదటిసారి మ్యాటర్‌హార్న్ ఎక్కింది. ఏడుగురూ శిఖరం చేరారు. దిగేటప్పుడు ఒకరు జారారు, తాడు తెగింది, నలుగురు ప్రాణాలు కోల్పోయారు. ఆ తెగిన తాడు ఊళ్లోని మ్యూజియంలో ఇప్పటికీ ఉంది. స్కీయింగ్‌కు వచ్చిన ప్రతి ఒక్కరూ చూడాల్సిన వస్తువది. కొండ మీద అసలు పరీక్ష ఎక్కడం కాదు, క్షేమంగా దిగడం. సాయంత్రానికి కాళ్లు అలిసిపోతాయి, నీడ పడిన మంచు గడ్డకట్టి గట్టిపడుతుంది. ‘ఇంకొక్కసారి’ అనిపించినప్పుడే చెక్కలు భుజానేసుకుని రైలెక్కేయాలి. అందులో నామోషీ ఏమీ లేదు.

స్కీయింగ్ వద్దనుకునే అమ్మమ్మలూ తాతయ్యలూ 1898 నుంచి నడుస్తున్న గోర్నర్‌గ్రాట్ రైలెక్కొచ్చు. అరగంటలో 3,089 మీటర్ల ఎత్తుకు చేరుస్తుంది. కిందికొచ్చాక పాతపేటలో కాలి నల్లబడినట్టుండే చెక్క గాదెల్ని చూడండి. ఎలుకలు ఎక్కకుండా వాటి కాళ్ల మీద గుండ్రటి రాతిపలకలు పెట్టారు.

అంత ఖర్చు పెట్టలేమంటారా? మన గుల్మార్గ్ ఉందిగా! అక్కడైనా సరే, మొదటిరోజు నేర్చుకోవాల్సింది మాత్రం ఆగడమే.