నాయన నోటుబుక్కు, నా గ్రాఫు

బాగేపల్లి దగ్గర మా తోట. 2023లో చింతామణి మార్కెట్టుకు తోలిన టమోటా బాక్సులెన్ని, ధర ఎంత పలికింది అని నాయన నోటుబుక్కులో రాసుకున్నాడు. ఆ లెక్కతో ఎక్సెల్‌లో కాంబో చార్ట్ చేసినాను. బాక్సులకు కమ్మీలు, ధరకు గీత. ధర వందలు, వేలు, బాక్సులు పదులే. కమ్మీలు నేలకు అంటుకుపోయినాయి. ధర గీతను సెకండరీ యాక్సిస్‌కు మార్చినాను. కుడిపక్క ధరకు వేరే కొలత వచ్చింది, కమ్మీలు పైకి లేచినాయి. వాటికి టమోటా ఎరుపు, గీతకు నలుపు వేసినాను. ఆ రంగులకే ఒక సాయంత్రం పట్టింది!

జూలైలో 15 కిలోల బాక్సు రెండు వేలు దాటింది. గీత పైన, మా కమ్మీ బెత్తెడు. సెప్టెంబరులో కమ్మీ పైన, గీత అడుగున. నాయన చాలాసేపు చూసినాడు.

"అక్టోబరుకు కమ్మీ లేదేమి?"

"నోటుబుక్కులో లేదు నాయనా."

"అవును, కొయ్యనే లేదు కదా. కోత కూలి కూడా గిట్టలేదు."