హెడ్‌ఫోనులకు ఆంప్లిఫయరు వలయునా?

మేము ముగ్గురము. ఒకరిది బాగేపల్లి, ఒకరిది చింతామణి, ఒకరిది చిక్కబళ్ళాపురము. హాస్టలులో ఒకే గదియందుండి పదవ తరగతి చదువుచున్నవారము. ఇంట తెలుగు, అంగడి వీధిలో కన్నడము, పాఠ్యపుస్తకములలో తెలుగు, బస్సు పలకలపై కన్నడము. ఈ రెండింటి నడుమ పెరుగుచున్నాము. మాకు గత సంవత్సరమొక చిక్కు వచ్చినది. చూచుటకది చిన్నదే కాని, విడదీయుటకు రెండు నెలలు పట్టినది. ఆ వృత్తాంతమును చదువరులకు విన్నవించుచున్నాము.

మాలో బాగేపల్లివాని ఇంట ఒక పాత క్యాసెట్టు కలదు. అందు మొదటి ప్రక్క భజన గోష్ఠివారు పాడిన కైవార తాతయ్య కీర్తనలు; రెండవ ప్రక్క వాని అవ్వ ఒంటరిగా పాడిన విసుర్రాతి పాటలు. కైవారము మన చింతామణి తాలూకాలోనిదే. 1726లో జన్మించి 110 ఏండ్లు జీవించెనని సంప్రదాయము చెప్పు నారాయణప్పగారు గాజుల వ్యాపారము విడిచి, యోగియై, తెలుగునను కన్నడమునను కీర్తనలు రచించిరి. అవి అచ్చైనవి, పాడువారును కలరు. విసుర్రాతి పాటల సంగతి అట్లు కాదు. అవ్వ నాలుగేండ్ల క్రిందట పోయినది. ఆ పాటలు ఇంక ఎవ్వరి నోటను లేవు. ఈ సంచికకై వానిని వ్రాసి తెమ్మని అయ్యవారు మమ్ము ఆజ్ఞాపించిరి.

క్యాసెట్టులోని ధ్వనిని ఒక అంగడియందు ఫోనులోనికి ఎక్కించి తెచ్చితిమి. వినుటకు మా పాఠశాలలో మంచి హెడ్‌ఫోను ఒకటి ఉన్నది. బెంగుళూరులో ఉద్యోగము చేయుచున్న పూర్వ విద్యార్థి ఒకరు దానిని బహూకరించిరి. దానిని ఫోనునకు తగిలించి, ధ్వనిని చివరి మెట్టు వరకు పెంచి వింటిమి. అవ్వ గొంతు బావిలోనుండి వచ్చినట్లుండెను. పాటలో ఒకచోట ఆమె "కోట" అనినదో "తోట" అనినదో మాకు తెలియలేదు. "కోట" యని వ్రాసికొంటిమి. కాని మనస్సు కుదుటపడలేదు.

హెడ్‌ఫోనుల నమ్ము వర్తకుని విచారించితిమి. "దీని ఓములు జాస్తి. వేరే ఆంప్లిఫయరు లేకుంటే ఇది సరిగ్గా ఆడదు" అనెను. వెల 7,500 రూపాయలు. తెలుగు పుస్తకములు కొనుటకై తల్లిదండ్రులు కూడబెట్టి ఇచ్చిన గ్రంథాలయ నిధిలో 9,000 రూపాయలుండెను. అందుండి ఇప్పింపుడని అడుగబోగా, మాలో ఒకని తండ్రి, వేరుసెనగ పండించు రైతు, ఒక్క మాట అడిగెను: "ఆ యంత్రం కొంటే అవ్వ గొంతు తేటగా వస్తాదని ఎవరన్నా రాసిస్తారా?" మాకు సమాధానము తోచలేదు. అప్పుడు విజ్ఞాన శాస్త్రము బోధించు అయ్యవారు నవ్వి, "కొనుట తరువాత, ముందు కొలువుడు" అనిరి.

మేము తొమ్మిది, పది తరగతులలో వల్లించిన ఓము నియమము ఇచట మొదటిసారి మాకు పనికి వచ్చినది. హెడ్‌ఫోనుతో వచ్చిన కాగితముపై రెండు అంకెలుండెను: నిరోధము 300 ఓములు, 1 వోల్టు ఇచ్చినచో 97 డెసిబెల్లుల ధ్వని. ప్రసిద్ధములైన హెడ్‌ఫోనులలో ఈ నిరోధము పలు విధములుగా ఉండును. సెన్‌హైజర్ వారి ఎచ్.డి. 600 నకు 300 ఓములు. ఆడియో టెక్నికా వారి ఎమ్ 50 ఎక్స్ నకు 38 ఓములు. ఓములు హెచ్చైనచో ఆకలి హెచ్చని తలంచియుంటిమి. లెక్క వేరుగా చెప్పినది. 1 వోల్టునకు 300 ఓముల హెడ్‌ఫోను 3.3 మిల్లీ ఆంపియర్ల విద్యుత్తు మాత్రమే తీసికొనును. 32 ఓములది 31 మిల్లీ ఆంపియర్లు తీసికొనును. మొదటిది వోల్టులు కోరును, రెండవది ఆంపియర్లు కోరును. కావున ఓములను మాత్రము చూచి తీర్పు చెప్పరాదు. ఎన్ని వోల్టులకు ఎంత ధ్వని పలుకునో చూడవలెను.

ఇక ఫోను ఎన్ని వోల్టులు ఇచ్చును? ఫోనులో 50 హెర్ట్‌జుల శుద్ధ స్వరమును చివరి మెట్టున ఆడించి, హెడ్‌ఫోను తగిలించియుండగనే ప్రయోగశాలలోని మల్టీమీటరుతో కొలిచితిమి. ముల్లు ఇంచుమించు 1 వోల్టు చూపినది. అనగా మా ఫోను ఈ హెడ్‌ఫోనును 97 డెసిబెల్లుల వరకు పలికింపగలదు. సంగీతము ఎల్లప్పుడును శిఖరముననే ఉండదు గనుక సగటు అంతకు పదునైదో ఇరువదో డెసిబెల్లులు తక్కువ యనుకొన్నను, చెవికి అది చాలును. పిల్లలు వారమునకు 40 గంటలు వినుటకు 75 డెసిబెల్లులే క్షేమకరమైన మితి యని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. అటుపై 3 డెసిబెల్లులు పెరిగిన కొలదియు వినదగిన కాలము సగమగును. తల్లిదండ్రులు ఈ అంకెలను గుర్తుంచుకొన ప్రార్థన.

మరి అవ్వ గొంతు ఎందుకు వినబడలేదు? అదే ఫోనున, అదే హెడ్‌ఫోనుతో ఒక సినిమా పాట పెట్టితిమి. అదిరిపడి తీసివేసితిమి! ధ్వనికి కొరత లేదు. కంప్యూటరులో రెండు పాటల రేఖలను ప్రక్కప్రక్కన చూడగా గుట్టు బయటపడినది. సినిమా పాట రేఖ పై అంచును తాకుచున్నది. అవ్వ పాట రేఖ అందులో పదియవ వంతు ఎత్తున్నది. పదియవ వంతు అనగా 20 డెసిబెల్లుల తగ్గుదల. ఎక్కించినవారు మిక్కిలి తక్కువ మట్టమున ఎక్కించిరన్నమాట.

రేఖను కంప్యూటరులోనే పది రెట్లు పెంచితిమి. పైసా ఖర్చు లేదు. గొంతు పెరిగినది, దానితోపాటు టేపు యొక్క బుస కూడ పెరిగినది. కోటయో తోటయో మరల తేలలేదు. ఆంప్లిఫయరు చేయు పనియు ఇంతియే గదా! అది గొంతును బుసను వేరుచేయదు. రెండింటిని సమముగా పెంచును. వెన్న తీసిన చల్లను పెద్ద కవ్వముతో చిలికినంత మాత్రమున వెన్న పడునా?

అప్పుడు అసలు క్యాసెట్టును తీసికొని చింతామణిలో రేడియోలు బాగుచేయు ఒక ముసలాయన యొద్దకు పోయితిమి. ఆయన హెడ్‌ఫోనును చూడనైన చూడలేదు. టేపు పరికరము మూత తెరచెను. టేపును తాకు చిన్న లోహపు ముక్కను హెడ్డు అందురు. దానిపై ఏండ్ల మురికి పేరియుండెను. స్పిరిటులో ముంచిన దూదితో తుడిచెను. హెడ్డులోని సన్నని చీలిక, రికార్డు చేసిననాటి నిలుపుతో సరిపోవలెనట. ఏ మాత్రము వాలినను హెచ్చు స్థాయి ధ్వనులు ముందుగా నశించునట. క, త, స వంటి హల్లులను ఒకదానినుండి మరొకదానిని గుర్తుపట్టుటకు ఆ ధ్వనులే ఆధారము. అచ్చులు మిగిలి హల్లులు పోయినచో మాట మూలుగగును. ఆయన అవ్వ పాట వినుచు హెడ్డు ప్రక్కనున్న మరను సన్నని స్క్రూడ్రైవరుతో వెండ్రుకవాసి త్రిప్పెను. ఒక్క క్షణమున తెర తొలగినట్లాయెను. పిమ్మట తగిన మట్టమున ఫోనులోనికి ఎక్కించి ఇచ్చెను. కూలి 200 రూపాయలు.

ఆ రాత్రి హాస్టలు గదిలో ఆంప్లిఫయరు లేకయే, ధ్వనిని సగము మెట్టున ఉంచి, ఆ హెడ్‌ఫోనుతో వింటిమి. అవ్వ "తోట" అనినది. పాట కోటను గూర్చినది కాదు. ఆమె పుట్టినింటి బావి క్రింది తోటను గూర్చినది. ఆమె మనుమడు హెడ్‌ఫోను తీసి, చాలసేపు మాటలాడలేదు. మేమును ఊరకుంటిమి.

అట్లని ఆంప్లిఫయరు ఎవరికిని వలదని మేము చెప్పము. మంచి రికార్డును చివరి మెట్టున విన్నను ధ్వని చాలనిచో అది కావలెను. 600 ఓముల హెడ్‌ఫోనులకును, ఎక్కువ శక్తి ఇచ్చినగాని పలుకని వానికిని తరచుగా కావలసి వచ్చును. ఆడించు పరికరముయొక్క లోపలి నిరోధము హెడ్‌ఫోను నిరోధములో ఎనిమిదవ వంతుకు మించకుండుట మంచిది. మించినచో కొన్ని హెడ్‌ఫోనులలో స్వరముల తూకము మారును. అప్పుడును మేలైన ఆంప్లిఫయరు ఉపకరించును. కాని ముందు కొలత, పిదప కొనుగోలు.

చిక్కబళ్ళాపురము చెంత ముద్దేనహళ్ళిలో 1861లో పుట్టిన విశ్వేశ్వరయ్యగారి పూర్వులు ఆంధ్రదేశమందలి మోక్షగుండమునుండి వచ్చినవారు. ఆయన ఖడక్‌వాస్లా జలాశయమున తాము కల్పించిన స్వయంచాలక తలుపులను 1903లో అమర్చి, ఆనకట్టను ఎత్తు చేయకయే ఎక్కువ నీటిని నిలిపిరి. ఉన్నదానిలో పోవుచున్నదేదో ముందు చూడవలెనని ఆ కథను పాఠములో చదివియుంటిమి. చింతామణి అంగడిలో అది మాకు అర్థమైనది.

గ్రంథాలయ నిధిలో 200 పోగా 8,800 మిగిలినవి, పుస్తకములు వచ్చినవి. అవ్వ పాటలు ఏడింటిని వ్రాసి అయ్యవారికి అప్పగించితిమి. ప్రశ్న అడిగిన రైతునకు ఆ పాటలు వినిపింపగా, "మా అమ్మ కూడ ఇట్లే పాడతాండె" అనెను. ఆయన ఇంట క్యాసెట్టు లేదు. మీ ఇండ్లలో అటకపై అట్టిది ఏదైన ఉన్నచో పారవేయక మా యొద్దకు పంపుడు. హెడ్‌ఫోను సిద్ధముగా ఉన్నది.