వాయిస్తేనే పట్టుకెళ్ళండి

పోయినవాళ్ళ వస్తువులు పంచుకోవడంలో మనవాళ్ళకి ఓ పద్ధతుంది, గమనించారా? వాచీ పెద్దవాడికి, ఉంగరం చిన్నవాడికి, పట్టుచీరలు కూతుళ్ళకీ కోడళ్ళకీ. పడక్కుర్చీ ఎవరు ముందడిగితే వాళ్ళది. కళ్ళజోడు దగ్గరకొచ్చేసరికి మాత్రం అందరి చేతులూ ఆగిపోతాయి. ఆ పవరు ఇంకొకళ్ళకి సరిపడదు, అలాగని పారెయ్యబుద్ధి కాదు. సొరుగులోకి తోసేస్తాం. వాయిద్యాన్ని కూడా ఆ కళ్ళజోళ్ళ జాబితాలోనే కలిపేస్తారు చాలామంది. వాయించేవాడే పోయాక ఇంకెందుకని గుడ్డ చుట్టి అటకెక్కించేస్తారు. టీ తాగుతూ వినండి, ఇవాళ్టి కబురు అదే. ఓ గిటారు సంగతి, దాన్ని వాయించిన మా బావ సంగతి.

బావ అన్నానని చుట్టరికం వెతక్కండి. కాకినాడలో మా ఆర్కెస్ట్రా మొత్తానికి ఆయన బావే. డోలక్ వాయించే కుర్రాడి దగ్గర్నుంచి మైకుసెట్టు అబ్బాయి దాకా "బావా, ఓ శ్రుతియ్యవా" అనేవారు. పాడే ఆడపిల్లలు మాత్రం "అన్నయ్యగారూ" అనేవారు. నేను మొదట్లో హార్మోనియం, తర్వాత కీబోర్డు. శ్రీరామనవమి పందిళ్ళు, దసరా రాత్రులు, భీమవరం మావుళ్ళమ్మవారి ఉత్సవాలు, పెళ్ళిళ్ళు. ఎక్కడ పిలిస్తే అక్కడికి వ్యానెక్కి వెళ్ళిపోయేవాళ్ళం. "సినీ సంగీత విభావరి" అని పోస్టరు వేసేవారు. అందులో గాయనీగాయకుల ఫొటోలు పెద్దగా ఉండేవి. వెనక వాయించే మాకందరికీ కలిపి "మరియు బృందం" అని ఒక్క ముక్క.

ఆ బృందంలో కూడా బావది రిథమ్ గిటారు. లీడ్ గిటారతను బిట్టు వాయిస్తే ఈలలు పడతాయి. తబలా తిరగేసి ముక్తాయిస్తే చప్పట్లు పడతాయి. రిథమ్ గిటారుకి ఏమీ పడవు. కార్డ్స్ పట్టుకుని, అంటే కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి పలికిస్తూ, లయ తప్పకుండా, పాట మొదలు నుంచి చివరి దాకా వాయిస్తూనే ఉండాలి. అది బాగా కుదిరిన రోజున జనం ఏమంటారో తెలుసా? "ఇవాళ ఆ అమ్మాయి భలే పాడిందండీ" అంటారు.

ఎవరైనా "ఏముందండీ, ఆర్కెస్ట్రా వాళ్ళేగా" అని చులకన చేస్తే బావ దగ్గర ఓ జవాబు సిద్ధంగా ఉండేది. బాలుగారి తొలి రోజుల్లో ఆయన లైట్ మ్యూజిక్ బృందంలో గిటారు పట్టుకున్నది ఇళయరాజాగారు. తమ్ముడు గంగై అమరన్‌ది కూడా గిటారే, అన్న భాస్కర్‌ది తాళవాద్యం. "రాజాగారూ మనలాగే పక్కవాయిద్యం వాయించి పైకొచ్చినాయనే, మనం పైకి రాలేదంతే" అని ముగించేవాడు. ఆ చివరి ముక్కకి ముందుగా నవ్వేది తనే.

బావ పోయాడు. పెద్దకార్యం అయ్యాక ఓ రోజు బావ భార్య, మా చెల్లెమ్మ, కబురు పెట్టింది. వెళ్ళేసరికి గిటారు కవరు దులిపి కుర్చీకి ఆనించి పెట్టుంది. "పిల్లలిద్దరికీ ఇది రాదన్నయ్యా. మీరు పట్టుకెళ్ళండి" అంది. నేను కవరు మీద చెయ్యేసేసరికి మళ్ళీ అంది: "వాయిస్తేనే పట్టుకెళ్ళండి. ఊరికే చూసుకోవడానికైతే ఆయన ఫొటో ఇస్తాను, గిటారు మాత్రం ఇవ్వను." ఆవిడ ఏనాడూ మా ప్రోగ్రాంలో ముందువరసలో కూర్చున్నది కాదు. గిటారు ఏమిటో, ఫొటో ఏమిటో ఆవిడకి తెలిసినంత స్పష్టంగా మాకు తెలీదనిపించింది.

గిటారు బావ కలకత్తాలో కొన్నది. లాల్‌బజార్ దగ్గర వాయిద్యాల కొట్లు బారుతీరి ఉంటాయి, అక్కడ బేరమాడి తెచ్చుకున్నాడు. తిరుగు ప్రయాణంలో దాన్ని బెర్తు మీద పడుకోబెట్టి, తను దాని కాళ్ళ దగ్గర కూర్చుని సామర్లకోట దాకా వచ్చానని చెప్పేవాడు. ఇంటికి తెచ్చి దీపం కింద పెట్టి చూశాను. కాకినాడ సముద్రపు గాలికి తీగలు తుప్పెక్కిపోయాయి. అది మామూలే. నేను చూస్తూ ఉండిపోయింది ఫ్రెట్లని. అదేనండీ, వీణకి మెట్లున్నట్టు గిటారుకుండే లోహపు కడ్డీలు. మొదటి మూడు నాలుగు ఫ్రెట్ల మీద తీగ ఆనే చోటల్లా గోరు దిగేంత గాడి పడింది. ఏడోది దాటాక చూస్తే కొట్లోంచి తెచ్చిన నాటి మెరుపు అలాగే ఉంది. మనిషి జీవితమంతా ఆ కిందనున్న జానెడు మేరలోనే వాయించాడు. లీడ్ వాయించేవాళ్ళు పైపైకి పాకుతారు. కార్డ్స్ పట్టేవాళ్ళకి కిందే పని.

అమెరికాలో విల్లీ నెల్సన్ అని పెద్ద గాయకుడున్నాడు. 1969లో కొన్న మార్టిన్ గిటారుని ఇప్పటికీ వదల్లేదు. దానికి ట్రిగ్గర్ అని పేరు కూడా పెట్టుకున్నాడు. వాయించీ వాయించీ చెక్క మీద ఇంకో కన్నమే పడిపోయింది. తోటివాళ్ళెందరో దాని మీద సంతకాలు చేశారు. బావ గిటారు మీద సంతకాల్లేవు గానీ అంతకంటే పనికొచ్చేది ఒకటి దొరికింది.

వాయించేవాడికి మాత్రమే కనపడేలా పక్క చెక్క మీద, పసుపు రంగుకి తిరిగిన సెల్లోటేపు కింద, రూళ్ళ కాగితం ముక్క. నీలం ఇంకుతో సినిమా పేర్లు: సాగర సంగమం, అభినందన, గీతాంజలి. ఒక్కోదాని పక్కన స్కేలు: జి మైనర్, డి, సి షార్ప్. దాని పక్కన ఎర్ర ఇంకుతో చిన్న అక్షరాలు. "పెద్దమ్మాయికి ఒకటి దించు." "చిన్నమ్మాయికి ఉన్నదే." ఒకచోటైతే "జలుబు చేస్తే ఇంకొకటి."

సంగీతం పరిచయం లేనివారికి ఒక్క ముక్క చెబుతాను. గిటారులో ఒక ఫ్రెట్టు జరిగితే అర స్వరం మారుతుంది. పన్నెండు ఫ్రెట్లు దాటితే అదే స్వరం పై స్థాయిలో పలుకుతుంది. కాపో అని ఓ బిగింపు ఉంటుంది. దాన్ని ఏ ఫ్రెట్టు మీద బిగిస్తే అక్కడి నుంచి శ్రుతి మొదలవుతుంది. సినిమాలో పాట ఒక శ్రుతిలో ఉంటుంది, స్టేజీ మీద పాడే పిల్ల గొంతు ఇంకో శ్రుతిలో ఉంటుంది. రాత్రి పది దాటాక, మంచులో, వరసగా పన్నెండో పాట పాడుతున్న గొంతు ఇంకాస్త కిందకి దిగుతుంది. ఆ అమ్మాయి మనకి చెప్పదు, మొహమాటం. బావ ఆవిడ తాగే నీళ్ళ గ్లాసుకేసి చూసి, పాటకీ పాటకీ మధ్య కాపో ఓ ఫ్రెట్టు కిందకి జరిపి, నా వైపు తిరిగి ఒక్క వేలు నేలకేసి చూపించేవాడు. నేను కీబోర్డు మీద శ్రుతి దించేవాణ్ణి. ముందు వరసలో కూర్చున్న కమిటీవాళ్ళకి ఏం జరిగిందో తెలిసేది కాదు. పాట మాత్రం పై షడ్జం దగ్గర చిరగకుండా నిలబడేది.

ఇప్పుడు ప్రోగ్రాములు ట్రాకుల మీద నడుస్తున్నాయి. పెన్‌డ్రైవు పెడితే వంద వాయిద్యాలు మోగుతాయి. ట్రాకుకీ శ్రుతి దించే మీట ఉంది, లేదని అనను. కానీ ఎవరి గొంతు బాగాలేదో దానికి ఎవరో ఒకరు చెప్పాలి. బావకి చెప్పక్కర్లేదు.

ఇంకో రాత్రి సంగతి చెప్పి తీరాలి. ఊరు పేరెందుకు గానీ, నవమి పందిరి. గీతాంజలి సినిమా పాటలు ఊపేస్తున్న రోజులు, అంటే 1989 తర్వాతన్నమాట. పాట పల్లవి మధ్యలో కరెంటు పోయింది. నా కీబోర్డు మూగబోయింది. మైకులు పోయాయి, బేస్ గిటారు పోయింది. జనరేటరు కుర్రాడు ఎక్కడో నిద్రపోతున్నాడు. వెయ్యిమంది జనం, కటిక చీకటి. ఈలలు మొదలయ్యాయంటే తర్వాత కుర్చీలు లేస్తాయని మాకందరికీ తెలుసు.

బావ ఆపలేదు. ఆయనది పెట్టె గిటారు కాబట్టి కరెంటుతో పనిలేదు. మైకు దగ్గర నుంచి లేచి, స్టేజీ అంచుకి వచ్చి, కాళ్ళు కిందకి వేలాడేసి కూర్చుని అదే లయ వాయిస్తున్నాడు. డోలక్ కుర్రాడు తడుముకుంటూ వచ్చి పక్కన చేరాడు. ముందువరస జనం పల్లవి అందుకున్నారు. తర్వాత పందిరి మొత్తం అందుకుంది. చరణం వచ్చేసరికి మాటలు తెలిసినవాళ్ళు తగ్గారు, అయినా లల్లాయిలతో లాగించేశారు. ఆ పావుగంటా బావ చెయ్యి వేగం పెంచిందీ లేదు, తగ్గించిందీ లేదు. ఎంత అవకాశం చూడండి! ఇంకెవరైనా అయితే నాలుగు బిట్లు వాయించి చప్పట్లు కొట్టించుకునేవారు. ఈయన కార్డ్స్ పట్టుకుని కూర్చున్నాడు, జనం పాడారు. కరెంటు వచ్చాక లేచి ప్యాంటు దులుపుకుని తన కుర్చీలోకి వెళ్ళిపోయాడు. మర్నాడు ఊళ్ళో అందరూ "మేం భలే పాడామండీ" అని చెప్పుకున్నారు.

గొప్పవాళ్ళ గిటార్ల కథలు వేరు. గ్రేట్‌ఫుల్ డెడ్ బృందంలోని జెర్రీ గార్సియా 1995లో పోయాడు. డగ్ ఇర్విన్ చేసిన గిటార్లు డగ్ ఇర్విన్‌కే చెందాలని వీలునామాలో రాశాడు. తోటి వాయిద్యగాళ్ళు ఒప్పుకోలేదు, అవి బృందం సొత్తన్నారు. లాయర్లొచ్చారు. చివరికి రాజీలో వచ్చిన రెండు గిటార్లనీ ఇర్విన్ 2002లో వేలం వేస్తే ఒక్కోటీ 7 లక్షల డాలర్ల పైన పలికింది. మా బావ గిటారుకి అంత సీను లేదు. మరమ్మతు కొట్టువాడు "రెండు వేలొస్తే గొప్ప సార్" అని తేల్చేశాడు.

నాకు నచ్చిన కథ ఇంకొకటుంది. ఇంగ్లండులో పీటర్ గ్రీన్ అని ఫ్లీట్‌వుడ్ మాక్ బృందం మొదలెట్టిన గిటారిస్టు. 1959 నాటి తన లెస్ పాల్ గిటారుని గ్యారీ మూర్ అనే కుర్రాడికి చవగ్గా ఇచ్చేశాడు. ఆ కుర్రాడు పెద్దవాడై 1995లో అదే గిటారు మీద గ్రీన్ పాటలు వాయించి ఆయన పేరనే ఒక ఆల్బం చేశాడు. మూర్ 2011లో పోయాడు, గ్రీన్ 2020లో. గిటారు మాత్రం మెటాలికా బృందంలోని కిర్క్ హ్యామెట్ చేతిలో ఇప్పటికీ స్టేజీలెక్కుతూనే ఉంది.

అందుకే చెల్లెమ్మ మాట పట్టుకుని మర్నాడే తీగలు మార్పించాను. ఈ సంగతి మీకూ పనికొస్తుంది. పెట్టె గిటారుకి ఆరు తీగలూ బిగిస్తే అన్నీ కలిసి సుమారు 70 కిలోల బరువుతో లాగుతుంటాయి. అలా బిగించి ఏళ్ళ తరబడి వదిలేస్తే మెడ వంగుతుంది, కింద తీగలు కట్టే బ్రిడ్జి చెక్క నుంచి లేచిపోతుంది. వాడనప్పుడు తీగలు కాస్త వదులు చెయ్యాలి. ఎండలో కారు డిక్కీలో అసలు పెట్టకూడదు, జిగురు కరుగుతుంది. అయితే అన్నిటికంటే మంచి సంరక్షణ రోజూ ఎవరో ఒకరు వాయించడమే. వాయించే చేతికి ఏ తీగ సడలిందో, ఏ చెక్క లేచిందో ఆ రోజే తెలిసిపోతుంది.

నేను నాలుగు కార్డ్స్ పట్టగలను గానీ గిటారిస్టుని కాను. కీబోర్డు వేళ్ళకి తీగ నొప్పి. మా మేడ మీద అద్దెకున్నవాళ్ళ అమ్మాయి ఇంటర్ చదువుతోంది. సాయంత్రాలు వచ్చి వాయిస్తుంది. అదేం పాటో నాకు తెలీదు, అడిగితే ఏదో కొరియా బృందం పేరు చెప్పింది. ఆ పిల్ల వేళ్ళు సరాసరి పన్నెండో ఫ్రెట్టు మీదికి పోతాయి, బావ అన్నేళ్ళలో అడుగుపెట్టని చోటికి. మొన్న పక్క చెక్క మీద కాగితం చూసి "తాతగారూ, ఎవరీ పెద్దమ్మాయి? జలుబేమిటి?" అంది. చెప్పాను. మర్నాడు తన స్నేహితురాలితో కలిసి పాడుతూ, కాపో కిందకి జరిపి "దానికి గొంతు బాలేదు తాతగారూ" అంది. రిథమ్ గిటారు పాఠం అంతకంటే ఏముంది చెప్పండి?

మన గోదావరి జిల్లా మనిషే ఒకాయనుండేవాడు, పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్. ఆయన 2014లో, నలభై అయిదేళ్ళకే మనల్ని వదిలి వెళ్ళిపోయాడు. ఆరేళ్ళ వయసులో ఆ పిల్లాడు తీసుకున్నది తండ్రి మాండలినే. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లాడు విని తీగల మీద పలికించేవాడు. గురువుకి వాయిద్యం రాకపోయినా పని జరిగింది. ఆ మాండలిన్ పెట్టెలో తాళమేసి ఉంటే మాత్రం జరిగేది కాదు.

కనుక నా మనవి ఒక్కటే. మీ ఇంట్లో తాతగారి ఫిడేలో, బాబాయి హార్మోనియమో, పోయిన స్నేహితుడి గిటారో గుడ్డ కప్పుకుని ఉంటే ఈ ఆదివారం కిందకి దించండి. తీగలో తోలో మార్పించండి, అయ్యే ఖర్చు ఓ సినిమాకి అయ్యేదానికంటే ఎక్కువేం కాదు. గోడకే తగిలిస్తానంటారా, తగిలించండి. మేకు మాత్రం పిల్లల చెయ్యి అందే ఎత్తులో కొట్టండి.