మాట పోయింది

మా కోడింగ్ క్లాసులో మాట అంటే ఒక స్ట్రింగ్, అక్షరాల వరస, అంతే. ఇంట్లో మాత్రం మాట ఇస్తారు, నిలబెట్టుకుంటారు, జారతారు, తప్పుతారు, ఒక్కోసారి పడతారు కూడా. ఇంగ్లీష్ మీడియంలో చదివిన నాకు ఇన్ని పనులు చేసే పదం ఒక్కటేనా అనిపిస్తుంది.

పోయినేడు తాతయ్యకి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. 'అదే' అన్న పదం తప్ప నోట ఇంకేమీ రాదు. 1861లో పారిస్‌లో బ్రోకా అనే డాక్టర్ చూసిన పేషెంట్ కూడా ఇంతే. మనం చెప్పేది అర్థమయ్యేది గానీ, 'టాన్' అని మాత్రమే అనగలిగేవాడు. అతని మెదడులో ఎడమవైపు ముందు భాగం దెబ్బతింది.

ఊళ్ళో అందరూ 'పెద్దాయనకి మాట పోయింది' అన్నారు. పరువు పోయినా మనవాళ్ళు అనేది ఆ మాటే.

సంక్రాంతి తర్వాత పక్కింట్లో పెళ్ళి. సాయం చేస్తానని తాతయ్య జబ్బు పడకముందే ఆ ఇంటాయనకి చెప్పారట. ఆయన మళ్ళీ అడగలేదు. తాతయ్యే బీరువా వైపు వేలు చూపించి, 'అదే, అదే' అంటూ నానమ్మ చేత డబ్బు తీయించి, ఆయన చేతిలో పెట్టించారు.

'పలుకు పోయింది గానీ మాట ఎక్కడికి పోయింది?' అంది నానమ్మ. ఇప్పుడు మేం అవునా, కాదా అనే అడుగుతాం. తాతయ్య తల ఊపుతారు. కబుర్లు బాగానే నడుస్తున్నాయి.