‘సీన్’కూ ‘సా’కూ నడుమ

రాజోలు, అమలాపురం ప్రాంతాల నుండి కువైట్ వెళ్ళిన కుటుంబాల పిల్లలకు మేము ఇషా నమాజు తరువాత లాప్‌టాప్ ద్వారా దివ్యఖుర్ఆన్ పఠనం నేర్పుతున్నాము. బ్లూటూత్ హెడ్‌సెట్ సదుపాయమే గాని, తజ్వీదు పాఠానికి అది నమ్మదగిన సాక్షి కాదు.

మాట తెగిపోవడం చిన్న జబ్బు. బ్లూటూత్, వైఫై తరచు ఒకే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలపై నడుస్తాయి; ఇరుకు సందులో ఎదురుపడిన రెండు బండ్ల వలె. వైఫైని 5 గిగాహెర్ట్జ్‌కు మార్చి, అదే హెడ్‌సెట్‌తో జతపడిన ఫోనులో బ్లూటూత్ ఆపివేస్తే చాలావరకు కుదుటపడుతుంది.

అసలు చిక్కు వేరు. హెడ్‌సెట్ మైకు పని మొదలుపెట్టగానే శబ్దం ఫోను కాల్ స్థాయికి పడిపోతుంది. పాత హెడ్‌సెట్లలో సెకనుకు 8,000 నమూనాలే; కనుక 4,000 హెర్ట్జ్‌కు పైనున్న ధ్వని అంతా పోతుంది. ‘సీన్’లోని ఈల చాలావరకు ఆ పైనే ఉంటుంది. అది పోతే, నాలుక కొనను పై పళ్ళ అంచుకు తాకించి పలికే ‘సా’కూ దానికీ భేదం వినిపించదు. ‘ఇస్మ్’ను ‘సీన్’తో పలికితే పేరు, ‘సా’తో పలికితే పాపం! (ఉర్దూకు అలవాటుపడిన మన నాలుకలకు ఈ తేడా అసలే కష్టం.) సరిగా పలికిన బిడ్డను పదిసార్లు దిద్దితే, ఆ బిడ్డ సరైన ఉచ్చారణనే వదులుకుంటుంది.

అందుకే దిద్దడానికి ముందు ఇరువైపులా సౌండ్ సెట్టింగ్స్ చూస్తాము. ఇన్‌పుట్‌గా లాప్‌టాప్ సొంత మైకును ఎంచుకుంటే హెడ్‌సెట్‌లో వినికిడి మెరుగుపడుతుంది. అన్నిటికన్నా మేలు తీగ ఉన్న ఇయర్‌ఫోను. సెలవులకు వచ్చి తిరిగి వెళ్ళే తల్లిదండ్రులు ఆత్రేయపురం పూతరేకులతోపాటు అలాంటిదొకటి కూడా సంచిలో వేసుకోవాలని మా మనవి.