బస్టాండు అను తగణము

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల మధ్య చదువుకై తిరుగు మాకు నిత్యము ఎదురగు ఆంగ్ల సమాసము బస్టాండు. ఆంగ్లములో అది బస్, స్టాండ్ అను రెండు పదములు. పలుకునపుడు రెండే అక్షరములు. ఊనిక మొదటి దానిపైన. మేమో రెండు సకారములను ఒకటి చేసి, తెలుగు అజంత భాష గనుక చివర ఉకారము చేర్చి, బ-స్టాం-డు అని మూడక్షరములు చేసికొంటిమి. గురువు, గురువు, లఘువు: సాక్షాత్తు తగణము! కోదాడయు తగణమే. (మిర్యాలగూడకు ఆపైన ఒక హగణము కూడ కావలెను.)

ఉర్దూ తరగతి మిత్రుల నోట స్కూలు తరచు ఇస్కూలగును. మా పల్లెలలోనూ అంతే. పదాదిని జంట హల్లు ఇరువురికీ బరువే.

అయితే అక్షరముల వెంట విరిచినచో ‘బస్’ అను పదమే మాయమగును. నిఘంటువు తెరచిన విద్యార్థికి దారి దొరకదు. అందుచేత పరీక్షాపత్రములో మేము అర్థపు అతుకు వద్దనే విరుతుము. కండక్టరుతో మాత్రము బస్టాండనియే అందుము.