ఆ స్క్రూలో మైలేజీ లేదు!

‘అన్నా, ఇంకో ఐదు కిలోమీటర్లు ఎక్కువొచ్చేటట్టు చేసియ్యి!’

ఆదోని నుంచి పత్తికొండ వెళ్లే దారిలోని ఆస్పరిలోనే కాదు, పాత స్ప్లెండరో టీవీఎస్ ఎక్సెల్లో తిరిగే ఏ ఊళ్లోనైనా మెకానిక్ వినే మాటే ఇది. ఆయన స్క్రూడ్రైవర్ తీస్తాడు. కార్బొరేటర్ పక్కనున్న చిన్న స్క్రూని పావు చుట్టు తిప్పుతాడు. అడిగినవాడికీ తృప్తి, తిప్పినవాడికీ తృప్తి!

అసలు సంగతేమిటంటే... గాలి, పెట్రోలు పాళ్లు చూసే ఆ స్క్రూ పనంతా బండి నిలబడి ఆడుతున్నప్పుడే. మహా అయితే ఎక్సలేటర్ కాస్త తిప్పేదాకా. బండి రోడ్డెక్కి ఊపందుకున్నాక పెట్రోలు కొలిచేది లోపలున్న సూది, మెయిన్ జెట్. మైలేజీ ఆశతో స్క్రూ దగ్గర పెట్రోలు మరీ తగ్గిస్తే పొద్దున్నే కిక్కు మీద కిక్కు కొట్టాలి. సూదిని దించేస్తే ఇంజిన్ కాగిపోతుంది. పిస్టన్ పట్టేసిందంటే మిగిలిన పెట్రోలు డబ్బు ఏ మూలకూ రాదు.

అంతకన్నా పాపం, జెట్‌లోకి తీగ దూర్చడం. మూసుకుపోయిందని బ్రేకు తీగ పోగుతో పొడుస్తారు. మిల్లీమీటరులో కూడా వంతులుండే రంధ్రం అది. రవ్వంత పెద్దదైతే చాలు, ఇక ఆ జెట్ ఉన్నన్నాళ్లూ బండి ఎక్కువ తాగుతుంది. క్లీనరు కొట్టి, గాలి పట్టాలి. లొంగకపోతే కొత్త జెట్టే.

సర్వీసింగుకో వరస ఉంది. దుమ్ము, పత్తి పోగులు ఎగిరే చోట ముందు చూడాల్సింది ఎయిర్ ఫిల్టర్. అది మూసుకుంటే ఏ సెట్టింగూ నిలవదు. తర్వాత ఇంజిన్ బాగా వేడెక్కాలి. స్క్రూని సున్నితంగా చివరికంటా బిగించి, కంపెనీ చెప్పినన్ని చుట్లు వదలాలి. అక్కణ్నుంచి అటూ ఇటూ తిప్పుతూ ఇంజిన్ ఎక్కడ చురుగ్గా, నిలకడగా ఆడుతుందో చెవితో పట్టుకోవాలి. ఐడ్లింగ్ తగ్గించడం ఆ తర్వాతే. నాలుగు కిలోమీటర్లు తిప్పొచ్చి ప్లగ్గు ఊడదీస్తే లేత ఇటుక రంగు కనపడాలి. నల్లమసి ఉంటే పెట్రోలు ఎక్కువ, తెల్లగా ఉంటే తక్కువ.

2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చాక కొత్త బండ్లలో చాలావరకు ఫ్యూయల్ ఇంజెక్షనే. పాతవి మాత్రం ఇంకా పొలాలకు పోతూనే ఉన్నాయి. లేదంటే నెలల తరబడి ఇంటి ముందు పడుంటున్నాయి. పశ్చిమ కర్నూలు పల్లెల జనం సుగ్గికని గుంటూరు వైపు మిరప చేలకు పోతారు కదా... వాళ్లు తిరిగొచ్చేసరికి కార్బొరేటర్ గిన్నెలో పెట్రోలు ఆవిరై, మిగిలిన జిగురు జెట్‌ని మూసేస్తుంది. 20 శాతం దాకా ఇథనాల్ కలిసిన ఇప్పటి పెట్రోలైతే తేమనూ పీల్చుకుంటుంది. ఊరు వదిలే ముందు పెట్రోలు ట్యాప్ కట్టేసి, గిన్నె అడుగునున్న డ్రెయిన్ స్క్రూ వదులు చేసి, ఉన్నదంతా సీసాలోకి పట్టేయాలి. రెండు నిమిషాల పని. చేతిలో బీడీ ఉంటే మాత్రం ముందు ఆర్పేయాలి!